నా కాలు, రాజులమ్మ భుజం, రోడ్డు మీద చోళ్ళు

రాజులమ్మ లేచి నిలబడింది. నేను లేవలేకపోయాను. ఏదో జరగకూడనిది జరిగిందని నాకు అప్పుడే తెలిసింది. నొప్పి ఇంకా మొదలవలేదు. స్కూటీ నా ఎడమ కాలి మీద పడి ఉంది. మమ్మల్ని గుద్దిన తెల్ల కారు రెండు బారల అవతల ఆగి ఉంది. రాజులమ్మ ఒక చేత్తో కుడి భుజం పట్టుకుని, "ఓలమ్మో, అక్కా, నీ కాలు!" అని అరుస్తోంది. నేను మాత్రం ఆమె కాళ్ళనే చూశాను. మట్టి కొట్టుకున్న చెప్పుల్లో రెండూ తిన్నగా నిలబడి ఉన్నాయి.

ఆ నిమిషంలో పుట్టిన కుళ్ళు నన్ను చాలాకాలం వదల్లేదు. ఇలాంటి అనుభవాల్లో అందరూ ధైర్యం గురించి రాస్తారు. నా దగ్గర ధైర్యం పెద్దగా లేదు. కుళ్ళు మాత్రం బోలెడు ఉంది, కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

నేను డుంబ్రిగుడ మండలంలో ఒక చిన్న ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. రాజులమ్మ నా తోటికోడలు, మా మరిది భార్య. అదే కేంద్రంలో ఆయాగా చేస్తుంది. ఆ రోజు మండలంలో మీటింగు ఉంది, సంత కూడా ఆ రోజే. ఇద్దరం నా స్కూటీ మీద బయలుదేరాం. నేను నడుపుతున్నాను, ఆమె వెనక కూర్చుంది.

మా ఏజెన్సీలో ఒక పద్ధతి ఉంది, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చలికాలం చోళ్ళు, అంటే రాగులు, కోశాక, వెన్నుల్ని తారు రోడ్డు మీద ఒక పక్క పరుస్తాం. వచ్చే పోయే జీపులు, బస్సులు వాటి మీంచి వెళ్తాయి, గింజ రాలుతుంది. నూర్చే పని చక్రాలే చేసి పెడతాయి. స్కూటీలు, మోటారు సైకిళ్ళు మాత్రం జారిపోతాయి గనుక రెండో పక్కనుంచి వెళ్ళాలి. ఎదురుగా ఏదైనా వస్తే ఆగి దారి ఇచ్చుకుంటాం. ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ ఇది తెలుసు. మంచు చూడడానికి కింద నుంచి కార్లలో వచ్చేవాళ్ళకి తెలియదు.

మా ఊరి మలుపులో ఎడమ పక్కంతా చోళ్ళు పరిచి ఉన్నాయి. నేను కుడి పక్కకి తిప్పాను. మలుపు అవతలి నుంచి, మంచులోంచి, లైట్లు వేయకుండా, హారన్ కొట్టకుండా ఆ కారు వచ్చింది. ఎడమకి లాగుదామనుకునేలోపు కుడి పక్కన గుద్దింది. ఇద్దరం చోళ్ళ మీద పడి చాలా దూరం జారాం.

ఊరివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సగంమంది మమ్మల్ని ఎత్తారు. మిగతా సగంమంది చీపుళ్ళు తెచ్చారు. మా ఊరి పెద్ద గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "పోలీసులొచ్చేత్తారు, బేగి ఊడ్చీయండి! ఊరి మీదకి కేసొత్తాది!" మా అత్త నా వైపు ఒకసారి చూసి ఏడుస్తూనే ఊడ్చింది. అంబులెన్స్ వచ్చేసరికి రోడ్డు శుభ్రంగా ఉంది.

అరకులో కట్టు కట్టి విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. క్యాజువాలిటీలో మొదట అడిగిన మాట, "ఎలా తగిలింది?" కారు గుద్దిందని చెప్పాను. ఎం.ఎల్.సి. అని రాసుకున్నారు, అంటే పోలీసులకి కూడా కబురు వెళ్ళే కేసు. తరువాత కుర్ర డాక్టరు ఒకాయన నా కాలి మీద గుడ్డ తీశాడు. ఎముక బయటికి కనిపిస్తోంది. "ఓపెన్ ఫ్రాక్చర్, టిబియా, ఫిబులా రెండూ" అని పక్కనున్న సిస్టరుకి చెప్పాడు, అంటే మోకాలి కింది ఎముకలు రెండూ. సెలైన్‌తో కడుగుతూ కడుగుతూ ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇవి? ఆవాలా?"

"చోళ్ళు, బాబూ."

"గాయంలోకి ఎలా వచ్చాయి?"

నేను కళ్ళు మూసుకున్నాను. రోడ్డు ఊడ్చిన చీపుళ్ళు గుర్తొచ్చాయి. నొప్పిగా ఉందనుకుని ఆయన మళ్ళీ అడగలేదు. ఏదో రాయించాడు, అంతే. ఆ సాయంత్రమే థియేటర్‌కి తీసుకెళ్ళి డిబ్రైడ్‌మెంట్ చేశారు, అంటే పాడైన కండ కోసి శుభ్రం చేయడం. కాలికి బయట నుంచి రాడ్లు బిగించారు. దాన్ని ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారు. మెలకువ వచ్చి చూసుకుంటే నా కాలు నాదిలా లేదు.

పక్క వార్డులో రాజులమ్మకి కాలర్ బోన్ విరిగిందని తేలింది. భుజానికి ఒక పట్టీ, మెడకి ఒక స్లింగ్. మర్నాడు ఇంటికి పంపించేశారు. ఆమె ఇంటికి వెళ్ళకుండా నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక చేత్తో నాకు ఇడ్లీ తినిపించింది. చూసినవాళ్ళందరూ "ఎంత మంచి పిల్ల" అన్నారు. నేను ఆమె మొహం చూడకుండా నమిలాను.

ఆరు వారాలకి ఇద్దరికీ ఒకే రోజు ఎక్స్‌రే తీశారు. ఆమె ఫిల్మ్ లైటు మీద పెట్టి పెద్ద డాక్టరు, "బ్రహ్మాండం. కాలస్ బాగా ఫార్మ్ అయింది" అన్నాడు. కాలస్ అంటే విరిగిన చోట కొత్తగా పుట్టే ఎముక. ఆయన నా ఫిల్మ్ పెట్టి ఏమీ అనలేదు. నేను నా ఎక్స్‌రే చూడడం మానేసి ఆమెదే చూస్తున్నాను. విరిగిన చోట తెల్లగా, మబ్బులా, ఎంత ఒత్తుగా ఉందో! నా కన్నీళ్ళు చూసి డాక్టరు అన్నాడు, "కాలర్ బోన్‌కి మేము ఏమీ చేయకపోయినా అతుక్కుంటుందమ్మా. టిబియా మొండిది. దానికి రక్తం అందేది తక్కువ. పక్కవాళ్ళ ఫిల్మ్ చూసి బెంగ పెట్టుకోకు." ఆయన చెప్పింది అర్థమైంది. బెంగ ఒక్క చుక్క తగ్గలేదు.

తరువాత చీము పట్టింది. జ్వరం, మళ్ళీ అడ్మిషన్, కల్చర్ టెస్టు, ఐ.వి. యాంటీబయోటిక్స్. ఇంటికి వచ్చాక రాడ్లు చర్మంలోకి దిగే చోట రోజూ డ్రెస్సింగ్ చేయాలి. మా ఆయనకి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. చేసింది రాజులమ్మ. నీళ్ళు మరగబెట్టి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సిస్టరు నేర్పినట్టే చేసేది. చెకప్‌కి వెళ్తే సిస్టరు, "పిన్ సైట్స్ ఇంత నీట్‌గా ఎవరూ ఉంచరు, ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది. నేను "ఇంట్లోవాళ్ళు" అన్నాను. పేరు చెప్పడానికి నోరు రాలేదు.

అంగన్‌వాడీలో నా బదులు ఆమే పిల్లల్ని చూసుకుంది. కిటికీలోంచి వినబడేది, పిల్లలు ఆమెని "టీచరమ్మా" అని పిలవడం. మా అమ్మాయి మంజు ఆరేళ్ళ గుంట. నేను అంబలి పోస్తే అటూ ఇటూ తిరిగే పిల్ల, ఆ అంబలే పిన్ని పోస్తే గిన్నె నాకేది. నా స్కూటీ బాగు చేయించి తెచ్చారు. అది కూడా ఆమె వాకిట్లోనే ఉండేది. నా మంచం మీంచి చూస్తే నా బతుకంతా ఎదురుగా ఉన్న ఆమె ఇంట్లోకి మారిపోయినట్టు కనిపించేది.

ఊళ్ళో మాటలు వేరే. "పాపం రాజులమ్మ! ఎనకాల కూకున్న మనిసి, దానికేటి తెలుసు?" అని సంతలో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళట. నా గురించి ఎవరూ పాపం అనలేదు. "బండి నడిపిందెవులు?" అనేవాళ్ళు, అక్కడితో ఆపేసేవాళ్ళు.

నష్టపరిహారం కోసం ప్రమాదం కేసు విశాఖలో ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. ఇద్దరికీ ఒకే లాయరుగారు. నెమ్మదస్తుడు, మా ఇంటికే వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. పోలీసులు గీసిన రఫ్ స్కెచ్ చూపించాడు. అందులో రోడ్డు ఉంది, మలుపు ఉంది, అద్దం పెంకులు పడిన చోట గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు మధ్య గీతకి కుడి పక్కన ఉంది. చోళ్ళు లేవు.

"కారు డ్రైవరు మంచుని ఫోన్‌లో తీస్తూ వచ్చాడని కారులో ఉన్నవాళ్ళే పోలీసులకి చెప్పారు. అది మనకి బలం" అన్నాడు. "కానీ ఇన్సూరెన్స్‌వాళ్ళు ఒకటే పట్టుకుంటారు. మీరు రాంగ్ సైడ్‌లో ఎందుకున్నారు? తప్పంతా మీదే అంటారు. కొంత మీదని తేలినా దాన్ని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. ఆ మేరకు మీకు వచ్చే డబ్బు తగ్గిస్తారు."

"మరి రాజులమ్మకి?"

"వెనక కూర్చున్న మనిషికి ఆ బెడద లేదమ్మా. తప్పు కారుదైనా, మీదైనా, సగం సగమైనా ఆమెకి రావాల్సింది ఆమెకి వస్తుంది. ఆమె తప్పు సున్నా."

సున్నా! ఎముక అతుక్కుంది, పిల్లలు ఆమెవాళ్ళయ్యారు, ఇప్పుడు ఇదొకటి. నా సంగతి వేరు. తప్పంతా నాదని తేలితే నాకు దక్కేదేమీ ఉండదు. అంతకంటే నన్ను తినేసిన సంగతి ఇంకొకటి ఉంది. రాజులమ్మ భుజం విరగ్గొట్టింది నేనే అని కోర్టు కాగితం మీద రాసి ఉంటుంది. ఊరు నోటితో అనేది సంతతో పోతుంది. కాగితం పోదు.

లాయరుగారు నా ఆసుపత్రి కాగితాలు ఒక్కొక్కటే చదివాడు. మొదటి రోజు కేస్ షీట్ దగ్గర ఆగి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "ఇదేంటి? 'గాయం నుంచి చిన్న గింజలు తీయడమైనది' అని ఉంది." ఆ కుర్ర డాక్టరు రాయించింది అదన్నమాట. ఇక దాచడానికేమీ లేదు. చోళ్ళ సంగతి, చీపుళ్ళ సంగతి చెప్పేశాను.

ఆయన మొహం వెలిగింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పరే! రోడ్డుకి అడ్డం ఉంటే తప్పనిసరై కుడికి తిప్పారు. ఇది చాలు మనకి." వెంటనే అనుమానంగా అడిగాడు. "ఎవరివి ఆ చోళ్ళు? మీరు పరచలేదు కదా?"

"లేదండీ. మా తోటికోడలు పరిచింది."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన కలం ఆపాడు. "అలా అయితే ఆమె కేసుకి దెబ్బ తగలొచ్చు. ఇద్దరిదీ నా చేతిలోనే ఉంది, నాకు ఇబ్బంది. మీరిద్దరూ మాట్లాడుకుని ఒక మాట మీద రండి" అని వెళ్ళిపోయాడు. నేను రాజులమ్మతో మాట్లాడలేదు. ఆమె సున్నాకి ఒక గీత పడుతుందంటే, నిజం చెప్తున్నాను, నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

మధ్యలో నా కాలికి ఇంకో పేరు పెట్టారు, నాన్ యూనియన్. అంటే ఇక దానంతట అది అతుక్కోదని. నడుము ఎముక నుంచి కొంత తీసి విరిగిన చోట పెట్టారు. బోన్ గ్రాఫ్టింగ్ అంటారు. లోపల రాడ్ వేశారు. కాలి కంటే నడుము దగ్గర నొప్పి ఎక్కువ రోజులుంది. నాలుగు నెలలకి పెద్ద డాక్టరు నా ఫిల్మ్ లైటు మీద పెట్టి, "ఇప్పుడు కాలస్ వస్తోందమ్మా" అన్నాడు. పక్కన రాజులమ్మ లేదు. ఆమె చూడలేదే అని బాధపడ్డాను, చూడండి నా బుద్ధి.

సాక్ష్యం రోజు వచ్చింది. వాకర్ పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కాను. రెండు కేసులూ కలిపి వింటున్నారు. మొదట రాజులమ్మని పిలిచారు. ఇన్సూరెన్స్ తరఫు లాయరు లేచి, కేస్ షీట్ చేత్తో పట్టుకుని అడిగాడు.

"రోడ్డు మీద ధాన్యం ఎవరిది?"

"మాదే, బాబూ."

"మాదే అంటే? మీదా, మీ అక్కదా?"

"ఇళ్ళు రెండైనా కొండ పోడొకటే. అందరిదీని."

"సరే. రోడ్డు మీద పరిచింది ఎవరు?"

రాజులమ్మ నా వైపు చూడలేదు.

"నానూ ఒక బుట్ట మోసినాను" అంది.

"అయితే తప్పు మీదేనన్న మాట."

"బుట్ట మోసినాను, బాబూ. దాన్ని మీరేటన్నా అనండి."

అది నిజమే. ఆ ఉదయం ఆమె ఒక బుట్ట మోసింది. నేను మిగిలిన బుట్టలన్నీ మోశాను. ఆమె సున్నా మీద కుళ్ళుకుని కుళ్ళుకుని ఆ ఒక్క బుట్ట సంగతే మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. తప్పించుకునే వీలున్నా, ఎవరూ నిరూపించలేని దాన్ని తెచ్చి కోర్టులో పెట్టింది.

నా పేరు పిలిచారు. అదే ప్రశ్న. మా లాయరుగారు నావైపే చూస్తున్నాడు. నేను అన్నాను, "పరిచింది నేనండి. సగం దాటించి పరిచాను. ఎక్కువైందక్కా, ఇటు లాగుదాం అని ఆమె అంది. మీటింగుకి ఆలస్యమవుతుందని నేనే లాగలేదు. ఆమె ఒక బుట్ట మోసింది, నేను ఆరు మోశాను. కానీ ఆ కారుకి లైట్లు లేవు, హారన్ లేదు. అది కూడా అంతే నిజం."

చదివేవాళ్ళు నాకు మంచి బుద్ధి పుట్టిందనుకోకండి. ఆమె నాకంటే నిజాయితీపరురాలిగా ఆ గదిలోంచి బయటికి వెళ్ళడం నేను భరించలేకపోయాను. ఆమె ఒక బుట్ట ఒప్పుకుంటే నేను ఆరు ఒప్పుకున్నాను. నన్ను ఆ బోనులో నిజం చెప్పించింది కుళ్ళే.

తిరుగు బస్సులో ఘాట్ ఎక్కుతుండగా అడిగాను. "ఎందుకు చెప్పావే ఆ బుట్ట సంగతి?"

"మోసినాను గదా. మరేటి సెప్పాలి?"

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "రాజులూ, లాయరుగారితో నేను..."

"తెలుసక్కా. ఆయన నన్ను అడిగినాడు, ఇలగంతంది మీ అక్క, నిజమేనా అని."

"తెలిసీ నా కాలికి కట్టు కట్టావా?"

"కోపం రానేదనుకున్నావేటి? రెండు దినాలు నీ గుమ్మం తొక్కినానా? ఒంట్లో బాగునేదని గుంటతో కబురంపినాను, మరిసిపోనావా?" అంది. తరువాత గొంతు తగ్గించి, "నీకొక్కదానికే అనుకోకు కుళ్ళు. నువ్వు టీచరమ్మవి, నాను ఆయాని. బండి నీది, నానెప్పుడూ ఎనకాలే. పిల్లలు నన్ను టీచరమ్మా అంతంతే, నువ్వు మంచమ్మీదున్నావని తెలిసి కూడా నాకెంత బాగుండేదో" అంది.

నాకు నవ్వొచ్చింది. ప్రమాదం జరిగిన ఈ మూడేళ్ళలో ఆమె చెప్పిన మాటల్లో నాకు పూర్తిగా నచ్చింది అదొక్కటే.

తీర్పులో ముప్పాతిక తప్పు కారు డ్రైవరుదని, పావు వంతు నాదని రాశారు. రాజులమ్మ బుట్ట మోసినా బండి నడపలేదు గనుక ఆమె తప్పు ఏమీ లేదని రాశారు. మళ్ళీ సున్నాయే! ఇంటికొచ్చి ఆమెని బాగా తిట్టాను. ఆమె నవ్వుతూ తిట్లు తింది.

ఇప్పుడు నా ఎడమ కాలు కుడిదానికంటే కాస్త పొట్టి. చెప్పు అడుగున మందం వేయించుకున్నాను. చలికి రాడ్ లోపల సలుపుతుంది. ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు రోజూ చేస్తాను. మళ్ళీ అంగన్‌వాడీకి వెళ్తున్నాను. మండలం మీటింగు ఉన్న రోజున రాజులమ్మ స్కూటీ నడుపుతుంది, నేను వెనక కూర్చుంటాను. ఆమె మలుపుల్లో నాకంటే నెమ్మదిగా, బాగా నడుపుతుంది. చూస్తే కుళ్ళుగానే ఉంటుంది. ఆమెకే చెప్పేస్తాను, దాచుకోను.

నేను చెప్పగలిగిన సలహా ఒకటే. ప్రమాదం జరిగితే గాయపడ్డవాళ్ళని ముందు ఆసుపత్రికి పంపండి. వెనక ఉన్నవాళ్ళు చీపుళ్ళు తేకండి. పోలీసులు వచ్చేదాకా రోడ్డు మీద ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఇతర బళ్ళని ఆపి, ఒకరు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. అందులో మీ చోళ్ళు కనబడినా సరే, తీయండి.